పడమటి గోడకు కిటికీ

గరుకుకాగితం గోడమీద గుండ్రంగా తిరుగుతోంది. లప్పం పొడి పెయింటరు కనుబొమల మీద, చెవుల మడతల్లో, బనియను మెడపట్టీలో పేరుకుంటోంది. అరచేత్తో గోడను తడిమాడు. ఎక్కడో చిన్న గడ్డ తగిలింది. మళ్లీ అక్కడే రుద్దాడు.

"ఇంకా గరగర పోలేదు పెద్దాయనా," అన్నాడు మంచం మీది మనిషి.

"మీ చెవులు పాముచెవులు డ్రైవరుగారూ."

"కళ్లు పోయాక చెవులకి జీతం పెంచాలి కదా మరి."

మంచాన్ని గది నడిమధ్యకు లాగారు. సామానంతా మంచం చుట్టూ కుప్పగా చేరి, దానిమీద పాత దుప్పట్లు కప్పి ఉంది. ఆ కుప్ప మధ్య డ్రైవరు కాళ్లు పైకి ముడుచుకుని, నిండు బస్సులో సీటు దొరికినవాడిలా కూర్చున్నాడు. షుగరు వ్యాధి అతని కళ్లను కొంచెం కొంచెంగా తినేసింది. మిగిలింది ఒకటే, వెలుగు ఎటువైపుందో తెలియడం. పక్కస్థలంలో నాలుగంతస్తులు లేచాక ఈ ముందుగదికి పగలు కూడా రాత్రే అయింది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే అవతలివాళ్ల గోడ చేతికి తగిలేది. ఒక మధ్యాహ్నం అతను, "అక్కా, అది కూడా పోయిందే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీధిలోకి తీసుకెళ్లి ఎండలో నిలబెడితే తప్ప ఊరుకోలేదు.

ఆ వారంలోనే అక్క మేస్త్రీని పిలిపించి, అవతలి పక్క సందు వైపున్న పడమటి గోడకు కన్నం కొట్టించింది. నడుమెత్తు నుంచి దాదాపు కప్పుదాకా కిటికీ పెట్టించి, అద్దాల తలుపులు బిగించింది. రెండు మూలల్లో కొత్త లైట్లు వేయించింది. చూపులేనివాడికి కిటికీ ఎందుకమ్మా అని పైవాటా ఆవిడ అడిగితే, "చూపున్న మీకెందుకో, వాడికీ అందుకే," అంది.

ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున్నే బయల్దేరబోతూ రంగుడబ్బా మూత తీసి చూసింది.

"మరీ మల్లెపువ్వు తెలుపు వద్దమ్మా. కళ్లల్లో గుచ్చుకుంటుంది. కాస్త మీగడరంగు కలుపుతాను," అన్నాడు పెయింటరు.

"గుచ్చుకోవాలనే. మల్లెపువ్వే వెయ్యండి."

ఆయన సరేనన్నాడు. గోడ వాళ్లది, గుచ్చుకునే కళ్లూ వాళ్లవే. ఇన్నేళ్లలో ఆయన నేర్చుకున్న నీతి అదొక్కటే.

మేనమామ దగ్గర పని నేర్చుకుని, మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. ఎన్ని ఇళ్లకు రంగులు వేశాడో ఆయనకే లెక్క లేదు. పెళ్లిళ్లకు ముందు వేశాడు, చావుల తర్వాత వేశాడు, అద్దెకు దిగేవాళ్లు ముక్కు మూసుకోకుండా వేశాడు. కొన్నేళ్లు పోయాక ఎవరో వచ్చి ఆ రంగు మీద ఇంకో రంగు వేస్తారు. బస్సులో వెళ్తూ, ఈ ఇల్లు నేను వేసిందే అని పక్కవాళ్లకు చూపించడానికి ఆయనకంటూ ఒక్క గోడ లేదు. చూపించాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. టర్పెంటైను ఆయన ముక్కును ఎప్పుడో చంపేసింది. పొయ్యిమీద కూర మాడినా తెలియదు. భార్య మాత్రం ఆయన వీధి మలుపులో ఉండగానే వాసన పట్టి మంచినీళ్లు ముంచిపెడుతుంది.

లప్పం పొడి తుడిచి రోలరు అందుకున్నాడు. రెండు నిలువు పట్టీలు వేసేసరికి ఎడమచెయ్యి బరువెక్కింది. పొద్దున బస్సు దిగినప్పటి నుంచీ ఛాతీమీద ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టుంది. నిన్న రాత్రి తిన్నది అరగలేదనుకున్నాడు. నిచ్చెన దిగి, మెట్టుమీద కూర్చుని, బనియనుతో మొహం తుడుచుకున్నాడు. చల్లటి చెమట.

"ఇంజను దమ్ము పట్టట్లేదే, పెద్దాయనా," అన్నాడు డ్రైవరు.

"పాత బండి. ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుంది."

"షెడ్డుకి తీసుకెళ్లాలి మరి."

"ఈ ఇల్లు అవ్వనీండి."

మధ్యాహ్నం డబ్బా విప్పి నాలుగు ముద్దలు తిని మూసేశాడు. మళ్లీ రోలరు గోడమీద చప్పుడు చెయ్యడం మొదలుపెట్టాక డ్రైవరు అడిగాడు.

"పిల్లలెంతమంది?"

"ఒక పాప ఉండేది."

డ్రైవరు 'ఉండేది' అన్న మాట దగ్గర ఆగాడు. ఏమైందని అడగలేదు. "ఏ రంగంటే ఇష్టం పాపకి?" అన్నాడు.

రోలరు గోడమీద ఆగిపోయింది. బళ్లో రెండు తరగతులు దాటిన పిల్ల. తను పని నుంచి రాగానే తన చేతులకంటిన రంగుల్ని గోటితో గీకి తీసేది. ఆ రంగుల్లో ఏది చూసి నవ్వేదో గుర్తు తెచ్చుకోబోయాడు. చిన్న గోళ్లు గుర్తొచ్చాయి. గీకినచోట మంట గుర్తొచ్చింది.

"తెలీదు డ్రైవరుగారూ. ఎప్పుడూ అడగలేదు," అన్నాడు. ఆగిపోయినచోట రంగు చిన్న ధారగా కిందికి జారుతుంటే చూసి, గబగబా రోలరుతో సమం చేశాడు.

గోడలు పూర్తయ్యాక కిటికీకి ఎదురుగా నిలువుటద్దం తగిలించాడు. వచ్చిన వెలుగు అద్దానికి కొట్టుకుని మళ్లీ గదిలోనే పడాలని అక్క ఆలోచన. మేకుల చప్పుడు విని డ్రైవరు ఏమిటని అడిగాడు. చెప్పాడు.

"గుడ్డివాడికి అద్దం అని ఊరికే సామెత అనుకున్నా. మా అక్క నిజంగానే తెచ్చిపెట్టింది!" డ్రైవరు కడుపు పట్టుకుని నవ్వాడు. పెయింటరు కూడా నవ్వబోయాడు గానీ పక్కటెముకల్లో ఏదో పట్టేసింది.

ఎండ వాలింది. మొదట కిటికీ అంచున ఒక గీతలా, తర్వాత నేలమీద చాపలా, ఆ తర్వాత మంచందాకా వచ్చింది. తడి ఆరని తెలుపు ఒక్కసారిగా మండింది. డ్రైవరు మాట మధ్యలో ఆగి, తల నెమ్మదిగా కిటికీ వైపు తిప్పాడు. మొహానికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "పోలేదు పెద్దాయనా. ఉంది. ఒకసారి ఆ కిటికీకి అడ్డంగా నిలబడు."

పెయింటరు నిలబడ్డాడు.

"వచ్చావు. ఇప్పుడు తప్పుకో... వెళ్లావు! మళ్లీ రా."

ఆయన వచ్చాడు, వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. కాళ్లు తేలిపోతున్నాయి. అయినా ఆ మనిషి మొహం చూస్తూ ఆపలేకపోయాడు. తను వేసిన గోడను చూసి ఎవరైనా ఇలా మురిసిపోవడం ఆయన ఇంతవరకూ ఎరగడు. చివరికి కిటికీ ముందు స్టూలు వేసుకుని, దాని చట్రానికి జారబడి కూర్చున్నాడు.

"కాసేపు ఇక్కడే ఉంటా డ్రైవరుగారూ."

"ఉండు, ఉండు. ఇప్పుడు నువ్వు కనిపిస్తున్నావు."

డ్రైవరు ఘాటురోడ్డు కబుర్లు ఎత్తుకున్నాడు. మంచులో మలుపులు, బ్రేకు పట్టని రాత్రి, భయంతో తన భుజం గట్టిగా పట్టుకున్న ముసలమ్మ. చాలా ఏళ్లుగా ఎవరూ అడ్డురాకుండా వినని కబుర్లు. వెలుగులో ఆ నల్లటి ఆకారం కదలకుండా వింటోంది.

పొద్దు కుంకేవేళ అక్క తలుపు తీసుకుని వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. గదంతా పసుపుతెలుపు. ఆ గదిని ఆమె అంతవరకూ ఊహలోనే చూసింది.

"నెమ్మదిగా అక్కా," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి. "పెద్దాయన కునుకు తీస్తున్నాడు. ఒళ్లు హూనమయ్యేలా పనిచేశాడు పాపం."

ఆమె దగ్గరికి వెళ్లి భుజం తట్టింది. చెయ్యి పట్టుకుని చూసింది. పట్టుకున్న చెయ్యి వదలకుండానే నేలమీద కూలబడింది.

"అక్కా? ఏమైంది?"

ఆమె చెప్పేసరికి ఎండ వెళ్లిపోయింది.

కబురందుకుని పెయింటరు భార్య వచ్చింది. గుమ్మంలో ఆగి గాలి పీల్చింది, అలవాటుగా. ఏడవలేదు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని, చెవుల మడతల్లోంచి లప్పం పొడిని కొంగుతో తుడిచింది. చాలాసేపటికి తలెత్తి చుట్టూ చూసింది. అక్క మూలల్లో లైట్లు వేసింది. నాలుగు గోడలూ ఆమె మీదికి వెలిగాయి.

"ఇదంతా ఈయన వేసిందేనా అమ్మా?"

"అవునండీ."

"ఎన్నడూ ఒక్క ఇంటికీ తీసుకెళ్లలేదు," అంది. "చూస్తానని నేనూ అడగలేదు."

డ్రైవరు మంచం మీద మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. ఎవరికీ వినపడనంత మెల్లగా, "నా మాటలు వింటూనే ఉన్నాడనుకున్నా," అన్నాడు.

సందులోకి బండి వచ్చింది. నలుగురూ చేరి ఆయన్ని పనిబట్టలతోనే ఎక్కించారు. భోజనం డబ్బా, కుంచెలు, నిచ్చెన కూడా వెంట పంపించారు. ఇంటికి వెళ్లేటప్పుడు మార్చుకునే చొక్కాను ఆయన తలుపు వెనక మేకుకు తగిలించుకున్నాడు. తెల్లగోడ మీది తెల్లచొక్కా కావడంతో అది ఎవరి కంటా పడలేదు. ఇస్త్రీ మడత ఇంకా విడలేదు. జేబులో ఒక దువ్వెన, దాని పళ్ల మధ్య చిక్కుకున్న నెరిసిన వెంట్రుక ఒకటి.