కొండకు అసూయ

తలుపు పడటం లేదు. గని వాకిట్లో కాపలా కాసే సతుర్నీనా భుజంతో నెట్టింది, కాలితో తన్నింది, చివరికి రాయి పెట్టి కొట్టింది. నిన్నటిదాకా బుద్ధిగా మూసుకున్న ఇనప తలుపు ఇవాళ సగంలోనే బిగుసుకుపోయింది.

"అత్తా, కోపం తలుపు మీదా, నా మీదా?" అంటూ నీల్దా కూరగిన్నె దింపింది. కొండ కింది పొతోసీ పట్నంలో కాలేజీ చదువు ముగించి, మూడు వారాల కిందటే ఈ కొండమీది రాతిగుడిసెకు కోడలై వచ్చింది. పెళ్ళినాడు చల్లిన రంగుకాగితాలు మొగుడు ఫెర్మీన్ చెవి వెనక ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. దొరికినప్పుడల్లా ఆమెకు పండగే. ఇవాళ దొరికిన గులాబిరంగు ముక్క ఆమె గుప్పిట్లో ఉంది.

"తలుపుకేం కాలేదే అమ్మాయ్. కొండే కిందికి దిగింది."

ఆ మాటే సతుర్నీనా గని మేస్త్రి బసీలియోతోనూ అంది. "లోపల దూలాలు చిటపటమంటున్నాయి. ఇవాళ ఎవర్నీ పంపకయ్యా."

"లోపల అడుగుపెట్టని ఆడదానివి, నీకేం తెలుసే ముసల్దానా?" అన్నాడు బసీలియో. అలుపు తెలియకుండా కోకా ఆకులు నములుతున్న పనివాళ్ళు నవ్వారు.

కొండా ఆడదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం; ఇక్కడి ఆడవాళ్ళు గనిలోకి వెళితే దానికి అసూయ పుడుతుంది, వెండి దాక్కుంటుంది, ఆ రోజుకి మగవాళ్ళెవరూ లోపలికి పోరు. సతుర్నీనా మొగుణ్ణి మింగినప్పుడు కూడా కొండ ఆమెను లోపలికి రానివ్వలేదు.

గని చూడ్డానికి వచ్చిన ఇద్దరు విదేశీ ఆడవాళ్ళు బండిలోంచి దిగి, నవ్వుతూ టోపీలు తగిలించుకుంటున్నారు.

"వాళ్ళు ఆడవాళ్ళు కారా?" అంది నీల్దా.

"వాళ్ళు వంద బొలీవియానోల టిక్కెట్టు కొన్నారు తల్లీ" అన్నాడు బసీలియో.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వినిపించింది. వాళ్ళకు గని చూపించాల్సిన ఫెర్మీన్ మాత్రం నవ్వలేదు. దీపం సరిచేసుకుంటూ, "పోకపోతే రేపు పనుండదు నీల్దా" అన్నాడు మెల్లగా.

తలుపు చట్రం పైనుంచి సన్నటి దుమ్ము దారంలా జారుతోంది.

సతుర్నీనా చేతులు గౌనుకు తుడుచుకుంది. పట్టాలు దాటి, గని లోపలికి నాలుగడుగులు వేసి, మొదటి దూలం కింద కూర్చుంది.

నవ్వులు ఆగిపోయాయి. ఒకడు నోట్లో ఆకులు ఉమ్మేసి, "ఇవాళ్టికైపోయిందిరా" అని పలుగు కింద పడేశాడు. మిగతావాళ్ళు విదేశీయులకు అడ్డంగా నిలబడ్డారు.

"బయటికి రా! నీ గుడిసె కూల్చేస్తా!" అని అరిచాడు బసీలియో.

"కూల్చు. కొండ కంటే ముందు కూలుస్తావేమో చూస్తా."

ఫెర్మీన్ లోపలికి పరుగెత్తబోయాడు. "అమ్మా!"

నీల్దా అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు కాదు. నువ్వు మగాడివి, ఇవాళ నీకు లోపల పనిలేదు."

తనే వెళ్ళింది. లేపి తీసుకురావాలనే వెళ్ళింది. కానీ అక్కడికి చేరాక, అత్త లేస్తే లోపలికి పోవడానికి వాకిట్లో దీపం వెలిగించుకుని సిద్ధంగా నిలుచున్న మొగుణ్ణి చూసి, అత్త పక్కనే చతికిలబడింది.

"పోవే పిచ్చిదానా, నీకు కొత్త కాపురం" అంది సతుర్నీనా, ఆమె చెయ్యి మాత్రం వదలకుండా.

పైన ఎక్కడో కట్టె టప్పుమంది. నీల్దా గుప్పిట విప్పింది. గులాబిరంగు ముక్క మీద దుమ్ము రాలుతోంది.

"జరుగత్తా," అంది నీల్దా, "ఇంకొంచెం చోటివ్వు."