రెండూ లేచాయి

ఆ రోజు పొద్దున ఆకాశం కదల్లేదు. మబ్బు నీళ్ళకు మూత పెట్టినట్టు కిందికి దిగి నిలబడిపోయింది. గాలి లేదు. సూర్యుడు ఎక్కడున్నాడో ఒక తెల్లటి మరకను బట్టి పోల్చుకోవాలి. అలాంటి రోజున చిత్తడిలో చిన్న చప్పుడు కూడా మైలు దూరం పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

పక్షుల రక్షణ ప్రాంతంలో నేను పడవ నడుపుతాను. చూడ్డానికి వచ్చినవాళ్ళను జమ్ము మధ్య కాలవల్లో తిప్పి తిరిగి రేవుకు చేరుస్తాను. మా వదిన అక్కడే గూళ్ళకు కాపలా. అన్న పోయాక ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది.

ఆ ఏడు ఎర్రతల కొంగల జంట ఒక్కటే గూడు కట్టింది. మనిషెత్తు పక్షులు. నీళ్ళ మధ్య జమ్ము కుప్ప పోసి దాని మీద రెండు గుడ్లు పెట్టాయి. వదిన ఇరవై ఆరు రోజులుగా మంచె దిగకుండా చూస్తోంది. ఏది ఎప్పుడు లేచింది, ఏది ఎప్పుడు కూర్చుంది, అన్నీ నిమిషాలతో రిజిస్టరులో రాస్తుంది. గూటి చుట్టూ దూరంగా గెడలు పాతి ఎర్రగుడ్డలు కట్టింది. అవి దాటి పడవ పోకూడదు.

ఆ రోజు ఆమెను ఆఫీసుకు రమ్మన్నారు, రిజిస్టరు చూస్తామని.

"మరిదీ, ఇంక నాలుగైదు రోజులే. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. ఆ పక్కకి ఎవర్నీ తీసుకుపోకు," అంది.

"ఊఁ."

"ఊఁ అంటే సరేననా, విన్నాననా?"

"సరే."

"ఇవాళ్టికి రెండు మాటలయ్యాయి. ఇంక కాస్త పడుకో, అలిసిపోయుంటావు," అని సైకిలెక్కింది.

తొమ్మిదింటికి మాస్టారు వచ్చారు. నాకు ఐదో తరగతి దాకా చదువు చెప్పినాయన. నా చదువూ అంతవరకే. చేతిలో కర్ర, కళ్ళకు నల్లద్దాలు. చూపు నడిమధ్య మసకేసిందట, అంచుల్లోనే కాస్త ఆనుతుందట.

"డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడురా. వచ్చే ఏటికి ఇదీ ఉండదు. అందుకని చూడాల్సినవి ఒక్కొక్కటీ చూసేస్తున్నా."

పడవలోకి దింపుతూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా చెవి మెలేసిన చెయ్యి. ఎండుపుల్లలా తేలిగ్గా ఉంది.

గంటసేపు తిప్పాను. నీటికోళ్ళు, బాతులు, ఒకచోట నీటిపిల్లి. ఆయన తల పక్కకు వంచి కంటికొసతో వెతికేవారు. నేను "అదిగో" అనేసరికి అది మునిగిపోయేది. ప్రతిసారీ "ఆఁ, చూశా, చూశా" అనేవారు. లెక్క అర్థం కాకపోయినా తలూపే పిల్లల మొహాలు ఎలా ఉంటాయో ఆయన మొహం అలా ఉంది.

"పెద్దవేమీ లేవురా?"

ఎర్రగుడ్డల దాకా తీసుకుపోయాను. దాటలేదు. ఒక కొంగ గుడ్ల మీద ఉంది. రెండోది దానికి అవతల మేస్తోంది.

"ఏదీ?"

"అక్కడ, జమ్ము పక్కన."

"బూడిదలో బూడిద. ఏం కనిపిస్తుందిరా నాకు?" అన్నారు. నా వైపు తిరిగి, "క్లాసులో కొంగలా కూశావు, గుర్తుందా? ఇనస్పెక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు, కొంగ ఎక్కడని."

"గుర్తుంది. మీరు కొట్టారు."

"కొట్టక? ఆయన ముందు నా పరువు తీశావు. కానీ ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నా, వాడి గొంతులో పిట్టలున్నాయే అని. నీతో అనలేదు." కర్రను ఒళ్ళో పెట్టుకున్నారు. "ఒక్కసారి కుయ్యరా. దగ్గరికొస్తే ఈ కొసకైనా ఆనుతుందేమో."

మా నాన్న వలలేసి పక్షుల్ని పట్టేవాడు. ఆ పిలుపు ఆయన నేర్పిందే. దోసిలి నోటికి అడ్డం పెట్టి గొంతు అడుగునుంచి తియ్యాలి. పరాయి కొంగ తమ చోట్లోకి వచ్చిందని వాటికి అర్థమవుతుంది. రేవు దగ్గర బోర్డు మీద పాటలు, మైకులు వద్దని ఉంది. నోటితో పిలవొద్దని లేదు. పిలవగలిగినవాడు ఒకడున్నాడని రాసినవాళ్ళకు తెలియదు.

ఆయన కళ్ళ కోసమని చెప్పుకోవచ్చు. అది సగమే. నలభై ఏళ్ళ కిందటి మెప్పు ఆ పొద్దున చేతికందింది. ఇంకాస్త కావాలనిపించింది.

కూశాను.

మేస్తున్నది తలెత్తి, రెక్కలు విప్పి మా వైపు రాసాగింది. అక్కడితో ఆపాల్సింది. మాస్టారు "వచ్చిందా? ఏదిరా?" అన్నారు. మళ్ళీ కూశాను. గుడ్ల మీదున్నదీ లేచింది. రెండూ పడవకు పది గజాల్లో నీళ్ళు చిమ్ముతూ దిగాయి. మెడలు నిటారుగా ఎత్తి, ఒకదాని గొంతు ఆగకముందే రెండోది అందుకుంటూ అరిచాయి. కాళ్ళ కింద పడవ చెక్క అదిరింది. మాస్టారు నల్లద్దాలు తీసేశారు.

"ఎరుపు! ఒరే, తల ఎరుపురా!"

ఆయన బుగ్గల మీద నీళ్ళు. నేను గూటివైపు చూశాను. దాని మీద రెండు కాకులున్నాయి.

గెడతో నీళ్ళను బాది అరిచాను. కొంగలు తిరిగి చేరేసరికి అయిపోయింది. ఒకటి గూటి మీద నిలబడి పెంకుల్ని ముక్కుతో కదిపింది. కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

"ఎందుకురా అరిచావు?"

"కాకులు."

"వాటికేం, ఎక్కడైనా ఉంటాయి వెధవలు," అన్నారు మాస్టారు. ఆయన మొహంలో నవ్వు ఇంకా ఆరలేదు.

బస్సు సాయంత్రానికి గాని లేదు. ఆయన్ని కాపలా గదికి తీసుకొచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేశాను. మధ్యాహ్నం వదిన వచ్చి, సైకిలు దిగుతూనే మంచె ఎక్కింది. చాలాసేపు దిగలేదు. దిగాక గదిలోకి వచ్చి, బురద బూట్లు విడవకుండానే బల్ల ముందు కూర్చుంది.

"రెండూ ఒకేసారి లేవవు మరిదీ. ఇన్ని రోజుల్లో ఒక్కసారి లేవలేదు. కుక్కేమైనా వచ్చిందా?"

"కాకులు," అన్నాను. అది అబద్ధం కాదు గనక సులువుగానే వచ్చింది నోట్లోంచి.

"కాకులు గుడ్లు తింటాయి. కొంగల్ని లేపలేవు." చేతులు బల్ల మీద పెట్టి వాటినే చూసుకుంది. "నాదే తప్పు. అక్కడ తొమ్మిదిన్నరకే పనైపోయింది. సబ్బు కొనుక్కుందామని బజారుకు పోయా. సబ్బు కోసం పోయానయ్యా!"

రిజిస్టరు తెరిచింది. రాస్తూ పైకి చదువుకోవడం ఆమెకు అలవాటు. "కాపలా మనిషి... స్థలంలో... లేనందువల్ల..."

కింద సంతకం పెట్టబోయింది.

"రాయకు వదినా."

"మరేం రాయను?"

"నేను కూశాను."

పెన్ను ఆగింది. బయట కుర్చీ కిర్రుమంది.

"ఎన్నిసార్లు?"

"రెండు."

"మొదటిసారికి ఒకటే లేచుంటుంది."

"అవును."

"మరి రెండోసారి ఎందుకు?"

జవాబు తెలుసు.

మాస్టారు గోడ తడుముకుంటూ లోపలికి వచ్చారు. "నేనే అడిగానమ్మా. వాణ్ణేమీ అనకు. గుడ్లున్నాయని నాతో అనలేదు వాడు."

"మీరు అడిగారు మాస్టారూ, మీకు తెలీదు. ఇతనికి తెలుసు."

ఆయన అలాగే నిలబడ్డారు. నల్లద్దాలు జేబులోంచి తీసి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

వదిన రాసిన వరుస కొట్టేసింది. "టైమెంత?" అంది. పదింబావు అన్నాను. రాసింది. ఈసారి పైకి చదవలేదు. పేజీ నా వైపు తిప్పింది. నేను సంతకం పెట్టాను.

"ఇది చూశాక పడవ నీ చేతిలో ఉంచరు," అంది.

"ఉంచకూడదు," అన్నాను.

ఆమె లేచి బూట్లు విడిచి, చేతులు కడుక్కుని వచ్చింది. క్యారేజీ విప్పి మూడు పళ్ళేలు పెట్టింది. ఒకరి తిండి ముగ్గురికి పంచింది. మాస్టారి చేతికి తగిలేలా మంచినీళ్ళ గ్లాసు జరిపింది. నాకు తక్కువ పెడుతుందేమోనని చూశాను. అందరితో సమానంగానే పెట్టింది. అది మరీ కష్టమైంది మింగడానికి. మాస్టారు వేళ్ళతో పళ్ళెం అంచు వెతుక్కుంటూ నెమ్మదిగా తింటున్నారు. వదిన తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురం తిన్నాం.