ముందు ఏది తీయమంటావు?

సురబాయాలో హార్డ్ డిస్కులు బాగుచేసే, అందరూ గౌరవంగా 'పాక్' అని పిలిచే హర్తోనో, వెనింగ్ తెచ్చిన డిస్కుకు చెవి ఆనించాడు. లోపల టకటకమంటోంది.

"మహా అయితే పది నిమిషాలు తిరుగుతుందమ్మా. ముందు ఏది తీయమంటావు?"

అందులో పగడపు దిబ్బల మీద ఆమె చేసిన ఐదేళ్ల పరిశోధన ఉంది. పోయిన నెల కన్నుమూసిన తల్లి వీడియోలూ ఉన్నాయి. దేనికీ నకలు లేదు.

"అమ్మవి తీయండి, పాక్. సముద్రంలోకి మళ్లీ దిగొచ్చు."

పన్నెండు వీడియోల్లో ఏడు వచ్చాయి. ఎనిమిదోది సగంలో ఉండగా డిస్కు కీచుమని మూగబోయింది. హర్తోనో మొదటి వీడియో పెట్టాడు.

"ఎంతసేపు తీస్తావే? అన్నం చల్లారిపోతోంది," అని తల్లి కసిరింది.

వెనింగ్ కళ్లు తుడుచుకుని ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. "సార్, నేను మొదటినుంచి మొదలుపెట్టాలి."