కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నాం

ప్రభుత్వ న్యాయవాది ఆఫీసులో మీటింగంటే ముందు కుర్చీల గొడవ. ఉన్నవి ఆరు. అందులో ఒకదానికి చెయ్యి ఊడిపోయింది. అది ఎప్పుడూ జూనియర్‌ లాయరు వాటాకే వస్తుంది. నాలుగేళ్లుగా ఆమె అందులోనే ఒక పక్కకి ఒరిగి కూర్చుని, చెప్పిందల్లా రాసుకుంటోంది. ఆ రోజు కూడా అలాగే కూర్చుంది గానీ, సగంలో ఆమె కలం ఆగిపోయింది.

కేసు సంగతి ఊరందరికీ తెలుసు. కిందటేడు వచ్చిన ఆరోగ్య చట్టం మీద బీమా కంపెనీలన్నీ కట్టకట్టుకుని కోర్టుకెక్కాయి. వాళ్ల కంట్లో నలుసల్లా ఏడో సెక్షన్. పాత జబ్బుందన్న వంకతో ఎవరికీ బీమా లేదనకూడదు, ఉన్నదాన్ని రద్దు చేయకూడదు. అంతే, నాలుగంటే నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాల పుణ్యాన జూనియర్‌ వాళ్ల పిన్నికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. అంతకుముందు ఆ కంపెనీ మూడు ఉత్తరాలు రాసింది, మూడింట్లోనూ విచారం వ్యక్తం చేసింది.

"ఏడో సెక్షన్ దగ్గర మనం గొంతు చించుకోనక్కర్లేదండీ," అన్నాడు సలహాదారు. మంత్రిగారి మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు చెదరని మొహం.

"అంటే?" అన్నారు పెద్దాయన. ఆఫీసులో అందరూ ప్రభుత్వ న్యాయవాదిని అలాగే పిలుస్తారు.

"నాలుగు నెలల్లో ఎన్నికలు. ఈ సెక్షన్ నిలబడిందనుకోండి, కంపెనీలు ప్రీమియం పెంచుతాయి, జనం మనల్ని తిడతారు. కోర్టు కొట్టేసిందనుకోండి, 'మేమిచ్చాం, కోర్టు లాక్కుంది, మళ్లీ గెలిపిస్తే మళ్లీ ఇస్తాం' అంటాం. దేనికి ఓట్లు పడతాయో మీకు నేను చెప్పాలా?"

పెద్దాయన కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. కాదంటారేమోనని జూనియర్‌ ఆశగా చూసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, "మిగతా చట్టమంతా గట్టిగా వాదిద్దాం. ఏడో సెక్షన్ వరకు 'కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నాం' అని ఒక్క వాక్యం చాలు. ఓటమి ఒప్పుకున్నట్టూ ఉండదు, వాదించినట్టూ ఉండదు," అన్నారు, బట్టల కొట్లో రంగు ఎంచినంత తేలిగ్గా.

"అదీ! బయట సంగతి మేం చూసుకుంటాం. 'చివరి శ్వాస వరకు పోరాడతాం' అని ఈ సాయంత్రం నుంచే టీవీల్లో మొదలుపెడతాం."

"సర్, రెండొందల పన్నెండో పేజీలో అఫిడవిట్ ఉంది," అంది జూనియర్‌.

అది పిన్ని అఫిడవిట్. తన జబ్బు, కంపెనీ ఉత్తరాలు, సెక్షన్ వచ్చాక తనకు జరిగిన మేలు, అన్నీ ప్రమాణం చేసి చెప్పిన కాగితం. జడ్జీల కంట్లో అది పడిందంటే ఏడో సెక్షన్ మీద ప్రశ్నలు తప్పవు. తీసేద్దామంటే ఆ కోర్టులో పాత రూలొకటుంది. రిజిస్ట్రీ ముద్ర పడి పేజీ నంబరెక్కిన అఫిడవిట్‌ను, ప్రమాణం చేసిన మనిషి సంతకం లేకుండా ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆ మనిషి కాదంటే స్వయంగా కోర్టుకొచ్చి చెప్పాలి, జడ్జీలు వినాలి.

పెద్దాయన తేలిగ్గా నవ్వారు. "మీ పిన్నిగారే కదమ్మా! ఇంట్లో మనిషి. ఉపసంహరణ మెమో టైపు చేయించి సంతకం పెట్టించుకొచ్చెయ్. మంగళవారం మన కేసు. ఇక్కడి మాట గడప దాటకూడదని నీకు వేరే చెప్పక్కర్లేదనుకో."

చెప్పక్కర్లేదు. గదిలో ఆ నియమానికి విలువిచ్చేది బహుశా ఆమె ఒక్కతే.

మెమో బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగింది. ఆ అఫిడవిట్ కోసం పదిహేను రోజులు పిన్ని చుట్టూ తిరిగింది తను. "నా కిడ్నీల కథ ఊళ్లోవాళ్లకెందుకే?" అని పిన్ని మొండికేస్తే, "నీలాంటి వాళ్లు వేలమంది ఉన్నారు పిన్నీ, నువ్వు నోరు విప్పితే వాళ్లందరికీ ఆసరా," అని బతిమాలింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలి?

పిన్ని ముప్పై ఏళ్లు బస్సు కండక్టరు. నిండు బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకి జనాన్ని చీల్చుకుంటూ వెళ్లిన మనిషి ఇప్పుడు హాల్లో సోఫాకీ, డయాలసిస్ సెంటర్లో మంచానికీ మధ్య తిరుగుతోంది. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచెయ్యి గడ్డలు కట్టింది. రోజంతటికీ డాక్టరు తాగనిచ్చిన కాసిని నీళ్లు బాబాయ్ పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెడతాడు. దాని మీద గోళ్ల రంగుతో గీతలు. మధ్యాహ్నానికి ఏ గీత దగ్గర ఉండాలో ఆయనకు కంఠతా వచ్చు.

"రావే. మీ బాబాయ్ నాకే కండక్టరయ్యాడు చూడు. గుక్కకో టికెట్టు!" అంది పిన్ని.

"నువ్వు టికెట్ లేకుండా తాగుతావని," అన్నాడు బాబాయ్ టీవీ మీంచి చూపు తిప్పకుండా. "అమ్మాయ్, మీ పెద్ద లాయరుగారు ఇప్పుడే కనిపించారు. ఏడో సెక్షన్ కోసం చివరి శ్వాస వరకు పోరాడతారట!"

"ఎవరి శ్వాసట?" అంది పిన్ని.

జూనియర్‌ నవ్వలేకపోయింది. మెమో తీసి చేతికిచ్చింది. పిన్ని దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, మొదటి అక్షరం నుంచీ చదివింది.

"'నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను.' ఓహో. నాకు తెలియకుండా నా ఇష్టం మీ ఆఫీసులో ఎప్పుడు పుట్టిందే?"

"పిన్నీ, నేనేం చెప్పలేను. చెప్పకూడదు. నువ్వు చదువుకున్నావు. ఇష్టమైతే పెట్టు, లేకపోతే మానెయ్."

"మానేస్తే?"

"కోర్టుకొచ్చి నువ్వే చెప్పాలి. అది రూలు. రూలు చెప్పొచ్చు, పుస్తకంలో అచ్చేసి ఉంది కాబట్టి."

"పెద్దవాళ్లు అడిగారంటే ఏదో ఆలోచించే ఉంటారులేవే. పెట్టెయ్యరాదూ," అన్నాడు బాబాయ్. "పిల్ల ఉద్యోగం కూడా చూడాలి కదా."

"నువ్వు సీసా సంగతి చూడు," అని పిన్ని జూనియర్‌ వైపు తిరిగింది. "ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టాను. టికెట్ తీసుకున్నవాడు నా మొహం చూస్తాడు, తీసుకోనివాడు కిటికీలోంచి చూస్తాడు. వచ్చినప్పటి నుంచి నువ్వు కిటికీలోంచే చూస్తున్నావు."

జూనియర్‌కి కళ్లనీళ్లు తిరిగాయి.

"సరేలే, నిన్నడగను. నీ మాట నీకుంటుంది." పిన్ని మెమోను నాలుగు మడతలు పెట్టి తిరిగిచ్చేసింది. "మంగళవారం రెండింటికి నాకు డయాలసిస్. అంతకుముందు ఖాళీయే."

మంగళవారం కోర్టు హాలు కిటకిటలాడింది. విలేకరుల బెంచీ నిండిపోయి ఇద్దరు గోడకానుకుని నిలబడ్డారు. సలహాదారు చివరి వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బీమా కంపెనీల లాయర్లు పెళ్లివారిలా కళకళలాడుతున్నారు. గుమ్మం దగ్గర జూనియర్‌ పెద్దాయనకు మడత విప్పని మెమో ఇచ్చింది.

"సంతకం పెట్టలేదు సర్. ఆవిడే వచ్చారు."

ఆయన మొహం మాడిపోయింది. "ఏం చెప్పావు?"

"రూలు చెప్పాను. గదిలో మాట ఒక్కటీ చెప్పలేదు."

ఇంకేదో అనబోయేలోగా బంట్రోతు కేసు పిలిచాడు. పెద్దాయన లేచి, చెప్పాల్సింది చెప్పేశారు. ఏడో సెక్షన్ విషయం కోర్టు విజ్ఞతకే వదిలేస్తున్నామనీ, ఆ సెక్షన్‌కు సంబంధించిన రెండొందల పన్నెండో పేజీని పరిగణించనక్కర్లేదనీ. ఏదో చిల్లర పని ముగించినట్టు అన్నారు.

బెంచి మీద పెద్ద జడ్జిగారు నెరిసిన జుట్టావిడ. పేజీ తిప్పి చూశారు. "ఆమె సమ్మతి ఏదీ?"

"ఇంకా రాలేదు..."

"నేనొచ్చాను," అంది పిన్ని వెనక నుంచి.

ముందుకు రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. హాలంతా ఆ అడుగుల చప్పుడే విన్నారు. జడ్జిగారు కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ కాగితం వెనక్కి తీసుకోవడం మీకిష్టం లేదా?"

"లేదండీ. అందులో నేను చెప్పిందంతా నిజం. మొన్న నిజమైంది ఇవాళ అక్కర్లేకుండా ఎలా పోయిందో నాకు అర్థం కావడం లేదు. నన్ను రమ్మని బస్సెక్కించింది ప్రభుత్వం వారే. నడిదారిలో దిగమంటున్నదీ వారే. బస్సేమైనా చెడిపోయిందా అంటే మిగతావాళ్లంతా సుఖంగా కూర్చునే ఉన్నారు. ఎందుకు దింపుతున్నారో చెబితే వింటానండీ."

విలేకరుల బెంచీలో ఎవరో నవ్వాపుకోలేకపోయారు. జడ్జిగారు నవ్వలేదు.

"మాకూ వినాలనే ఉంది. ఏడో సెక్షన్‌ను ప్రభుత్వం సమర్థిస్తోందా, లేదా? విజ్ఞత మాకుంది, దాని సంగతి మేం చూసుకుంటాం. మీరు అవునో కాదో ఒక్క మాట చెప్పండి."

పెద్దాయన చూపు చివరి వరసకు పరుగెత్తింది. సలహాదారు కాలు కిందికి దిగింది. విలేకరుల కలాలు కాగితాల మీద ఆగి ఉన్నాయి. 'కాదు' అంటే సాయంత్రానికి ఇంటింటికీ చేరుతుంది.

"సమర్థిస్తోంది," అన్నారు పెద్దాయన.

"అయితే వాదించండి."

వాదించారు. కాగితం ముట్టుకోకుండా నలభై నిమిషాలు! కంపెనీలు తిరస్కరించిన దరఖాస్తుల లెక్కలు, పాత తీర్పులు, వాటిలో పేరాలతో సహా గుక్క తిప్పుకోకుండా చెప్పారు. పిన్నికొచ్చిన మూడు ఉత్తరాల్లోని మాటలూ అప్పజెప్పి, మూడో దాని తేదీ దగ్గర ఆగి, ఆ రోజు ఆమె ఎమర్జెన్సీ వార్డులో ఉందని మెల్లగా చెప్పారు. కంపెనీల లాయర్లు గబగబా చీటీలు రాసుకుని ఒకరికొకరు అందించుకోవడం మొదలుపెట్టారు.

జూనియర్‌కి సంతోషం కలగాలి. కలగలేదు. ఆయన నోట మాట చక్కగా వచ్చేకొద్దీ ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇదంతా ఆయనకు తెలుసు. పిన్ని ఉత్తరాల తేదీలతో సహా తెలుసు. అంతా కడుపులో పెట్టుకుని, ఒక్క వాక్యం చాలన్నాడు ఈ మనిషి. చేతకాక వదిలేసి ఉంటే క్షమించేదేమో. ఇంత చేతనై ఉండి వదిలేయడానికి సిద్ధపడ్డాడు.

తీర్పు వాయిదా పడింది. అప్పటివరకు చట్టం యథాతథంగా అమలవుతుందని జడ్జిగారు చెప్పి లేచారు.

వరండాలో పెద్దాయన చెమట తుడుచుకుంటూ ఆమె వైపు చూశారు. మొహం వెలిగిపోతోంది. చేసింది మర్చిపోయి మెప్పు కోసం చూస్తున్నారు.

"ఎలా వచ్చిందమ్మా?"

"అద్భుతంగా వచ్చింది సర్. మీకు చేతకాకే మొన్న మీటింగులో వదిలేద్దామన్నారని అనుకోగలిగితే నాకు బావుండేది."

నాలుగేళ్లుగా ఆయన కేసు కట్టలన్నీ మోసింది ఆమే. చేతిలో ఉన్న దాన్ని తెచ్చి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. ఆ బరువు ఆయనకు అలవాటు లేదు, కాస్త వంగారు.

"ఇప్పుడెక్కడికి? మధ్యాహ్నం ఇంకో కేసుంది."

"మా పిన్నిని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి సర్. రేపటి నుంచి నాకు ఈ ఆఫీసులో పని లేదు. రాసి పంపిస్తాను."

మెట్ల కింద మైకుల మధ్య సలహాదారు అప్పుడే విజయం గురించి మాట్లాడుతున్నాడు. పిన్ని అతని పక్క నుంచే నడిచింది. అతను ఆమెను గుర్తుపట్టి, కెమెరాల కోసం చెయ్యి పట్టుకోబోయాడు.

"ఆ చెయ్యి ముట్టుకోకు నాయనా," అంది పిన్ని ఎడమచెయ్యి వెనక్కి లాక్కుని. "దాంతో నాకింకా పనుంది."