పడవ పాటకు ఇద్దరు

ప్రొఫెసరుగారు ఓబులేసును మెచ్చుకున్న రోజు నుంచి పద్మనాభయ్యకు అన్నం సయించడం లేదు.

నెల్లూరు కాలేజీలో తెలుగు చెప్తూనే ఆయన తిరుపతిలో డాక్టరేటుకు చేరాడు. ఓబులేసు ఆయన దగ్గర బి.ఎ. చదివినవాడే. తర్వాత అదే ప్రొఫెసరు దగ్గర చేరాడు. ఇద్దరికీ కావలసింది ఒకటే: తోటపల్లి గూడూరు అవతల, చేపలు పట్టే పల్లెకారుల పాళెంలో కొత్త పడవను నీళ్లలోకి తోసేటప్పుడు పాడే గంగమ్మ పాట. "అది లేకపోతే నీ సిద్ధాంత వ్యాసానికి తల లేనట్టే" అని ప్రొఫెసరుగారు పద్మనాభయ్యకు ముందే చెప్పారు. ఆ పాట పూర్తిగా వచ్చినది ఆ పాళెంలో గురవమ్మ అనే ఆమె ఒక్కతికే. ఆ పాట ఓబులేసుకు దక్కింది. పద్మనాభయ్యకు దక్కలేదు.

"వాడేదో ముట్టజెప్పి ఉంటాడు" అన్నాడు భోజనం దగ్గర.

"మీరు ఒట్టి చేతుల్తో పోయినారా?" అంది భార్య వెంకటశేషమ్మ.

"పండ్లు, తమలపాకులు తీసుకపోయినా. పాడతా ఉంటే ఒక మాట అందలేదు. ఆగమ్మా, ఆ ముక్క మళ్లీ చెప్పు అన్నా. అంతే, మూతి బిగించుకొని లేచిపోయింది. వాళ్లు పడవను గూడా తోయకుండా ఇళ్లకు పోయినారు."

వెంకటశేషమ్మ మజ్జిగ పోయడం ఆపింది.

"అమ్మవారిని పిలస్తా ఉంటే ఆపించినారా?"

"పాటే అది. పూజ గాదు."

"మీరు గంట పట్టుకుంటే పిల్లకాయలు దగ్గను గూడా దగ్గకూడదే ఈ ఇంట్లో!"

 ఆయన రోజూ సంధ్య వార్చే మనిషి. మంత్రంతో పిలిస్తేనే దేవత వస్తుందనీ, పడవ పక్కన నిలబడి పాడితే రాదనీ ఆయనకు ఎవరు చెప్పారు?

మళ్లీ ఇంకో కొత్త పడవ నీళ్లలోకి దిగే రోజున పాళేనికి పోయాడు. ఓబులేసు అప్పటికే అక్కడున్నాడు, ఇంటి మనిషిలా వలలు సర్దుతూ. 

"ఏమే, 'ఆగమ్మా' సామి వచ్చినాడే!" అని గురవమ్మ కేకేసింది. అందరూ నవ్వారు. "ఈ తూరి ఆపినావంటే పడవ బదులు నిన్నే తోసేస్తాం. ఈ అబ్బయ్య నీకోసం బతిమాలినాడు, అందుకే రానిచ్చినా."

ఓబులేసు బతిమాలినాడా! ఆ మాట నవ్వులకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

దీపం వెలిగించి గురవమ్మ పాట ఎత్తుకుంది. పద్మనాభయ్య కలం తియ్యలేదు. వినాలనే కూర్చున్నాడు. కానీ ఓబులేసు పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. వీడికి అంతా నోటికి వచ్చేసిందన్నమాట! ఆయన చూపు ఆ పెదవుల మీదే ఉండిపోయింది. పడవ నీళ్లలోకి జారి, కేకలు లేచేసరికి నడిమి చరణాలు ఒక్కటీ ఆయనకు గుర్తు లేవు.

"ఇంకో పడవ ఎప్పుడమ్మా?"

"ఇంకేం పడవ! వచ్చే ఏడు చూద్దాం."

వ్యాసం ఈ వేసవికే ఇవ్వాలి.

బస్సు కోసం ఇద్దరూ ఇసుకలో నడిచారు. పాళెం దాటాక పద్మనాభయ్య, "ఓబులేసూ, నడిమి చరణాలు నాకు అందలేదురా" అన్నాడు.

"దానికేముంది సార్, చెప్తా. రాసుకోండి."

ఇంత తేలిగ్గా ఇస్తాడనుకోలేదు. ఇవ్వనంటే తిట్టుకోవడానికైనా ఉండేది. కూర్చుని రాసుకున్నాడు. కింద, పాట ఇచ్చినవాళ్ల చోట, గురవమ్మ పేరు వేశాడు. కలం మూత పెట్టాడు. మళ్లీ తీసి, ఓబులేసు పేరు కూడా వేశాడు.

"నాదెందుకు సార్?"

"ఉండాల్సిందే! నాకు చెప్పింది నువ్వు గదా!" అని కసిరాడు.

సారుకు ఎందుకు కోపం వచ్చిందో ఓబులేసుకు అర్థం కాలేదు.