యోర్న్ మూసిన తలుపు

కీల్ పట్టణంలో కొత్త జలాంతర్గామి సినిమా మొదటి ఆటకి హార్ట్‌విగ్ యెన్సెన్ వెంటబెట్టుకు వెళ్లింది ఒక్క మనిషినే. ఆమె పేరు వీబ్కే. యుద్ధంలో అతనితో పాటు ఒకే జలాంతర్గామి పడవలో ఇంజన్ల దగ్గర పనిచేసి, అందులోనే చనిపోయిన యోర్న్ భార్య. ముప్పై ఐదేళ్లుగా ఆమె మంచిచెడ్డలు కనుక్కుంటున్నవాడు అతనొక్కడే.

సినిమాకి సలహాదారు కూడా అతనే. రెండేళ్ల కిందట దర్శకుడు ఫాల్కో ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "జరిగింది జరిగినట్టు చెప్పండి యెన్సెన్ గారూ. ఇప్పటిదాకా అందరూ తీసింది అట్టముక్కల యుద్ధమే. నేను నిజం తీస్తాను" అన్నాడు. ఆ మాటకి హార్ట్‌విగ్ కరిగిపోయాడు. ఆ యుద్ధాన్ని అతను ఏనాడూ వెనకేసుకు రాలేదు. తాము ముంచిన ఓడల పేర్లు కూడా దాచకుండా చెప్పాడు. రొట్టెకి ఎన్నో రోజున బూజు పట్టేదో, గొట్టాల మీది చెమట ఎవరి పక్క మీద కారేదో, అన్నీ చెప్పాడు. చివరికి వీబ్కేకి తప్ప ఎవరికీ చెప్పనిది కూడా చెప్పేశాడు.

బాంబుల దెబ్బకి పడవ వెనక గదిలో గొట్టం పగిలింది. నీళ్లు ఎగదన్నాయి. యోర్న్ అందరినీ బయటికి నెట్టి, ఇనప తలుపు లోపలినుంచి తనే బిగించుకుని, నీళ్లలో మునిగి, గొట్టాన్ని మూసే మర తిప్పేశాడు. పడవ పైకి తేలాక తలుపు తెరిస్తే, చచ్చిపోయినవాడి చెయ్యి ఇంకా ఆ మర మీదే ఉంది. నలభై ఏడుగురు బతికారు.

సినిమా మొదలైంది. ఇంజను మోత అచ్చం అదే. హార్ట్‌విగ్ పక్కకి వంగాడు. "అదిగో, మా పక్కలు. ఇద్దరికి ఒకటి" అని వీబ్కే చెవిలో చెప్పాడు. కాసేపటికి ఎడంచేత్తో రెంచి పట్టుకుని, ఈల వేసుకుంటూ ఒక మెకానిక్కు వచ్చాడు. పేరు మార్చారు. అయినా వీబ్కే అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "మావాడే" అంది.

తర్వాత గొట్టం పగిలింది. తెరమీద ఆ ఎడంచేతివాడు గొల్లున ఏడ్చాడు. పక్కవాణ్ణి నీళ్లలోకి తోసి నిచ్చెన పట్టుకు వేలాడాడు. ఒక అధికారి అతన్ని పిస్తోలుతో కొట్టి, తాను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

వీబ్కే చెయ్యి తీసేసింది. హాలంతా చప్పట్లు మోగుతుంటే తెరమీద హార్ట్‌విగ్ పేరు, చారిత్రక సలహాదారు అని, ఒంటరిగా నిలబడింది.

"ఇదా జరిగింది?" అని బయట మెట్లమీద అడిగింది ఆమె.

"కాదు వీబ్కే. నేను చెప్పింది ఇది కాదు."

"ఈల నిజం. ఎడంచెయ్యి నిజం. పక్కలు నిజమని నువ్వే చెప్పావు. ఇదొక్కటే అబద్ధమా? నన్ను ఓదార్చడానికి ఇన్నేళ్లూ నువ్వే కథ అల్లావేమో."

జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

హార్ట్‌విగ్ తిన్నగా హాలు మేడమీద సినిమావాళ్ల విందులోకి వెళ్లి ఫాల్కోని నిలదీశాడు.

"పడవలో ఒక్క మేకు తప్పుందా, చెప్పండి" అన్నాడు ఫాల్కో, నవ్వు చెదరకుండా.

"మేకుల గురించి కాదయ్యా. నువ్వు మనిషిని మార్చేశావు."

"కథకి ఒక పిరికివాడు కావాలి. పేరు మార్చాంగా."

"అయితే నా పేరు కూడా తీసెయ్యి."

"ఇప్పుడెలా? దేశమంతా ఆడుతోంది. అయినా మీ పేరు ఉండబట్టే కదా జనం నమ్మేది" అంటూ అతని భుజం తట్టాడు.

పత్రికలన్నీ వేలెత్తి చూపలేని చిత్రమని రాశాయి. హార్ట్‌విగ్ రాసిన ఉత్తరాన్ని ఒక పత్రిక నాలుగు ముక్కలకి కుదించి, ఎక్కడో మూల వేసింది. దాంతో అతను రోజూ మధ్యాహ్నం ఆట వదిలేవేళకి హాలు గుమ్మం దగ్గర నిలబడి, యోర్న్ చేసింది ఇదీ అని వచ్చేవాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. కొందరు ప్రచారం కోసం పెట్టిన మనిషనుకున్నారు. ఒకావిడ టికెట్ మీద సంతకం పెట్టమంది.

ఐదో రోజు వీబ్కే వచ్చింది. జనంలో నిలబడి చివరిదాకా విన్నది. అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చింది.

"నువ్వు అబద్ధం చెప్పావని ఇప్పుడు అనను. కానీ హార్ట్‌విగ్, కళ్లు మూసుకుంటే ఆ నటుడి మొహమే వస్తోంది. మావాడిది రావట్లేదు."

"కనుబొమ్మలు కలిసి ఉండేవి" అన్నాడు అతను గబగబా. "పైపన్ను ఒకటి విరిగి ఉండేది."

"ఏ పక్కది?"

హార్ట్‌విగ్ వేలితో ముందు తన కుడి పన్ను, తర్వాత ఎడమ పన్ను తడుముకున్నాడు. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. బస్సు రాగానే ఆమె ఎక్కి కూర్చుంది.