నున్నటి వైపు

నాలుగో అద్దం తుడిచి, గుడ్డ పిండుకుని, కాళమ్మ ఐదోదాని దగ్గరికి జరిగింది. వేప్పనపల్లి దాటాక వచ్చే ఆ చిన్న ఆస్పత్రి మిద్దె మీద ఆరు సోలారు అద్దాలున్నాయి. పన్నెండేళ్లుగా ఆస్పత్రి ఊడుస్తున్న ఆమెకు రెండేళ్ల కింద వాటిని తుడిచే పని కూడా చేరింది. ఇవాళ తుడిచిందే తుడుస్తోంది. చట్రం సందులో ఇరుక్కున్న తెల్లటి పిండి గోటికి అందడం లేదు.

కింద గదిలో నాగేశప్ప గాజుగొట్టంతో బ్యాటరీ నీళ్లు పీల్చి చూసి, బ్యాటరీలో ఎంత కరెంటు మిగిలిందో చెప్పే అంకె పలక మీద రాస్తున్నాడు. ఎండ ఇచ్చిన కరెంటులో ఎవరికి ముందు, ఎవరికి వెనక అని చూడడమే అతని కొలువు. అంకె దిగితే నర్సమ్మ ఫ్యాను ఆపేవాడు. ఇంకా దిగితే వరండా దీపం, ఆపైన కాన్పుగది దీపం. పిల్లలకు వేసే చుక్కల మందు ఫ్రిజ్జును మాత్రం ముసురు పట్టిన వారంలో కూడా ఆగనివ్వలేదు.

పోయిన వారం సెలవు చెప్పకుండా నాలుగు రోజులు బాగలూరు పోయాడు, చెల్లెలి కూతురి పెళ్లికి. అద్దాలు చూసుకోమని కాళమ్మకు చెప్పాడు. ఆమె తన పూరింటి ముందు వడియాలు పెడితే సగం కోళ్లపాలు. అద్దాల మీదికి కోడి రాదు. పొద్దు వాలేసరికి వడియం దానంతటదే ఊడొస్తుంది. షావుకారు ఇంటివాళ్లు అడిగినవన్నీ నాలుగు రోజులూ అక్కడే పెట్టింది. దీపాలు వెలగకపోతే, కరెంటు పోవడం కొత్తా అనుకుంది.

నాగేశప్ప వచ్చీ రాగానే పొట్లం కట్టి ఇచ్చింది. అతను ఒక వడియం తిరగేసి చూశాడు.

"యాడ ఎండబెట్టినావక్కా?"

"పాత కోక మీదప్పా."

గుడ్డ మీద ఎండిన వడియానికి అడుగున నేత అచ్చు పడుతుంది. ఆ సంగతి మగవాడికి తెలుస్తుందని ఆమె అనుకోలేదు. అతను వెళ్లి ఫ్రిజ్జు తలుపు తీశాడు. లోపల వెచ్చగా ఉంది. మందంతా పాడైంది.

ఇవాళ పదింటికి కృష్ణగిరి నుంచి ఆఫీసరు జీపులో వచ్చాడు. మందు ఎందుకు పాడైందని నాగేశప్పను అడిగాక కాళమ్మ వైపు తిరిగి, అద్దాలు రోజూ తుడిచావా అన్నాడు.

"తుడిచినానయ్యా."

అది నిజమే. రోజూ సాయంత్రం, వడియాలు తీశాక తుడిచింది. ఇంకో మాట చెప్పాలని నోరు తెరిచింది. ఈ జీతం పోతే తనను తీసుకునే చోటు ఇంకొకటి లేదు. చీపురును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"విడిచిపెట్టి పోయినోణ్ని నేను సార్. ఆయమ్మనేమి అడగతారు?" అన్నాడు నాగేశప్ప.

కొలువు పోయి, సాయంత్రానికి తాళాలు అప్పజెప్పాడు. బస్సుకు ముందు సంచి భుజాన వేసుకుని ఆమె దగ్గర ఆగాడు.

"పొద్దెక్కకముందే తుడువక్కా. ఎండలో తుడిస్తే చెయ్యి కాలుతుంది."

ఆమె తల ఊపింది. కళ్లెత్తి అతణ్ని చూడలేకపోయింది. బస్సు రోడ్డు మలుపు తిరిగేదాకా దాని చప్పుడు వింటూనే ఉంది.

తర్వాత బ్యాటరీగది ఊడవడానికి పోయింది. గూట్లో అతని పలక, సుద్దముక్క ఉన్నాయి. పలక పక్కన వడియం ఒకటి, బోర్లించి, అద్దంలా నున్నగా ఉన్న అడుగు పైకి కనబడేట్టు.